లాక్‌పికింగ్ మొదలుపెట్టేవాళ్ళకు: ఒక్క పిన్ను నుంచి ఫాల్స్ సెట్ దాకా

"ఏ పిక్ సెట్ కొనమంటారు?" తాళంచెవి లేకుండా సన్నటి పనిముట్లతో (పిక్కులతో) తాళం తెరిచే లాక్‌పికింగ్ మీద మనసు పడ్డవాళ్ళు మొట్టమొదట అడిగేది ఇదే. కొన్ని వారాల తర్వాత అదే మనిషి నుంచి రెండో ప్రశ్న వస్తుంది: "సెట్ వచ్చింది, ఇంట్లో ఉన్న పాత తాళంకప్ప మీద గంటలకొద్దీ కూర్చున్నాను, ఏమీ కదలట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?"

చాలాసార్లు తప్పు చేతిలో ఉండదు, తాళంలో ఉంటుంది. మన ఇళ్ళల్లో గేటుకీ బీరువాకీ వాడే తాళాల్లో చాలా వరకు లోపల రేకులు పేర్చి ఉండే లీవర్ రకం. ఆన్‌లైన్‌లో దొరికే పిక్ సెట్లేమో లోపల చిన్న లోహపు పిన్నులుండే పిన్ తాళాల కోసం చేసినవి. ఆ సెట్లోని హుక్కుతో, అంటే కొన వంపు తిరిగిన పిక్కుతో, లీవర్ తాళాన్ని ఎంతసేపు కెలికినా లాభం లేదు. కాబట్టి సెట్ సంగతి తర్వాత, ముందు సరైన తాళం తెచ్చుకోండి. ఆ తాళాన్ని విప్పి, ఒక్క పిన్నుతో మొదలుపెట్టి, ఒక్కొక్కటే పెంచుకుంటూ పోండి. నాకు తెలిసిన దారుల్లో ఇంతకన్నా మంచిది లేదు.

ముందు రెండు నియమాలు

మీది కాని తాళాన్ని ముట్టుకోవద్దు. స్నేహితుడిదైతే అతను ఎదురుగా ఉండి సరేనంటేనే. పక్కింటివాళ్ళు తాళంచెవి పోగొట్టుకున్నారని పిలిచినా, డూప్లికేట్ కీ చేసే అతని నంబరు ఇవ్వండి, మీరు వెళ్ళకండి. నేర్చుకునే దశలో తాళం పాడయ్యే అవకాశమే ఎక్కువ.

వాడకంలో ఉన్న తాళాన్ని, అది మీదే అయినా సరే, ప్రాక్టీసుకు వాడొద్దు. ఇంటి ముందు తలుపు తాళంలో పిక్ ముక్క విరిగి ఇరుక్కుంటే, లేదా లోపలి స్ప్రింగ్ ఒకటి నలిగిపోతే, అసలు తాళంచెవి కూడా పనిచేయదు. అద్దె ఇల్లు, హాస్టల్ గది, ఆఫీసు డ్రాయర్ అసలే వద్దు.

చట్టం సంగతి క్లుప్తంగా. తాళం తెరిచి పరాయి ఇంట్లోకి అక్రమంగా ప్రవేశించడం భారతీయ న్యాయ సంహిత 330వ సెక్షన్ చెప్పే హౌస్ బ్రేకింగ్ కిందికి వస్తుంది. మీ ఉద్దేశం అది కాకపోయినా, రాత్రిపూట బండి డిక్కీలో పిక్ సెట్ కనిపిస్తే పోలీసులకు జవాబు చెప్పుకోవాల్సింది మీరే. సెట్ ఇంట్లోనే ఉంచండి. విదేశాల్లో ఉన్నవాళ్ళు కొనేముందే అక్కడి చట్టం చూసుకోండి. జపాన్‌లో వృత్తిపరమైన కారణం లేకుండా పిక్కులు దగ్గర ఉంచుకోవడాన్నే 2003 నాటి చట్టం నేరం చేసింది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇబ్బంది లేదు గానీ, నెవాడా, ఒహాయో లాంటి చోట్ల దురుద్దేశం లేదని మీరే చూపించుకోవాల్సి రావచ్చు.

కావలసినవి

*తాళం.* హార్డ్‌వేర్ షాపులో మోర్టైజ్ హ్యాండిళ్ళకు (తలుపు మందంలోకి దూర్చి బిగించే తాళాలకు) విడిగా అమ్మే సిలిండర్, అంటే కీ పెట్టే భాగం, అడగండి. రెండువైపులా కీ పెట్టేది కాకుండా ఒకవైపే కీ ఉండే హాఫ్ సిలిండర్ దొరికితే మరీ మంచిది, విప్పడం తేలిక. ఖరీదైనది అక్కర్లేదు. చౌక రకం ఇత్తడి సిలిండరే మొదటి తాళంగా బాగా నేర్పిస్తుంది.

కొనేముందు కీ చూడండి. సన్నటి కీకి ఒక అంచున వి ఆకారంలో గాట్లు, పక్కన పొడవునా గాడి ఉంటే అది పిన్ తాళం. మీకు కావలసింది అదే. చదునైన కీ మీద కోతలు పలకలుగా, మెట్లు మెట్లుగా ఉంటే లీవర్ తాళం. కీ బల్లపరుపు ముఖం మీద చిన్న చిన్న గుంటలు ఉంటే, షాపువాళ్ళు దాన్నే 'కంప్యూటర్ కీ' అంటారు, అదీ పిన్ తాళమే గానీ మొదలుపెట్టేవాళ్ళకు కాదు. ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే కీ కూడా ఇప్పుడు వద్దు.

పారదర్శకమైన ప్లాస్టిక్ తాళం గురించి చాలామంది అడుగుతారు. పిన్నులు ఎలా కదులుతాయో ఒకసారి చూడటానికి బాగుంటుంది. నేర్చుకోవడానికి మాత్రం దాన్ని నమ్ముకోకండి. అందులో భాగాలు వదులుగా ఉంటాయి, ఎంత గట్టిగా తిప్పినా తెరుచుకుంటుంది. పైగా కళ్ళు పని చేసేస్తుంటే వేళ్ళు నేర్చుకోవు.

*పనిముట్లు.* ఒక షార్ట్ హుక్, రెండు మూడు టెన్షన్ రెంచ్‌లు (తాళాన్ని తిరిగే వైపు మెల్లగా నొక్కి ఉంచే, చివర వంచిన పట్టీలు) చాలు. ఇరవై ముక్కల సెట్ కొన్నవాళ్ళు కూడా చివరికి వాడేది ఒకటో రెండో హుక్కులే. హుక్ మందం 0.6 మిల్లీమీటర్లు అయితే గట్టిగా ఉంటుంది, 0.5 అయితే ఇరుకు రంధ్రాల్లోకి పోతుంది. మొదటి హుక్ 0.5 తీసుకోండి. అంచులు గరుకుగా ఉంటే సన్న ఎమరీ పేపర్‌తో నున్నగా రుద్దుకోండి. గరుకు అంచు రంధ్రం గోడలకు గీసుకుంటూ ఉంటే పిన్ను కదలిక చేతికి తెలియదు.

సొంతంగా చేసుకోవాలనుకుంటే పాత కారు వైపర్‌లో రబ్బరుకు రెండువైపులా ఉండే సన్నటి స్టీలు పట్టీలు మంచి టెన్షన్ రెంచ్‌లు అవుతాయి. చివర సుమారు సెంటీమీటరు మేర లంబకోణంలో వంచితే చాలు. హుక్కుకు హాక్సా బ్లేడు సరిపోతుంది. ఆకురాయితో అరగదీసేదైతే తొందరపడకండి. గ్రైండర్ మీదైతే మాత్రం రెండు మూడు సెకన్లకోసారి నీళ్ళలో ముంచండి. స్టీలు నీలం రంగుకు తిరిగిందంటే దాని బిగువు పోయినట్టే, వాడితే వంగిపోతుంది. గ్రైండింగ్‌కు కళ్ళజోడు తప్పనిసరి.

*మిగతావి.* తాళం పట్టి ఉంచడానికి చిన్న వైస్. లేకపోతే ఎడమచేతిలోనే పట్టుకోవచ్చు, మొదట్లో అదే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే పిన్ను కూర్చున్న చిన్న టిక్కు అరచేతికి కూడా తెలుస్తుంది. చిన్న స్క్రూడ్రైవర్, ట్వీజర్స్, అంచులున్న పళ్ళెం, అందులో పరచడానికి లేత రంగు గుడ్డ. తాళం ప్లగ్ (కీతో పాటు తిరిగే గుండ్రటి భాగం) అంత లావు, లేదా వెంట్రుకవాసి సన్నగా ఉండే గుండ్రటి కర్ర ఒకటి. దీన్నే ఫాలోయర్ అంటారు. ప్లగ్ లావు స్కేలుతో కొలిచి దానికి తగ్గ చెక్క డోవెల్ తెచ్చుకుని, ఎమరీ పేపర్‌తో సరిచేసుకోవచ్చు. ఒక చిన్న నోటుపుస్తకం కూడా పెట్టుకోండి.

సిద్ధాంతం, ఇంతవరకు చాలు

కీ పెట్టి తిప్పినప్పుడు తిరిగే గుండ్రటి భాగం ప్లగ్. దాన్ని పట్టి ఉంచే బయటి భాగం బాడీ. ప్లగ్‌లోంచి బాడీలోకి వరసగా తొలిచిన రంధ్రాలే గదులు. ఒక్కో గదిలో కీ తగిలే కీ పిన్ను, దాని మీద డ్రైవర్ పిన్ను, ఆ మీద స్ప్రింగ్. డ్రైవర్ పిన్నులు సగం ప్లగ్‌లో సగం బాడీలో అడ్డంగా ఉన్నంతసేపు ప్లగ్ తిరగదు. సరైన కీ పెడితే కీ పిన్నుకూ డ్రైవర్ పిన్నుకూ మధ్య సందు అన్ని గదుల్లోనూ ప్లగ్ అంచు దగ్గరికే వస్తుంది. ఆ అంచు గీతే షియర్ లైన్.

గదులన్నీ నూటికి నూరుపాళ్ళు ఒకే వరసలో ఏ ఫ్యాక్టరీ తొలవలేదు. అందుకే ప్లగ్‌ను మెల్లగా తిప్పితే అన్ని పిన్నులూ ఒకేసారి బిగుసుకోవు, ముందు ఒకటి బిగుసుకుంటుంది. దాన్ని గీత దాకా ఎత్తితే కూర్చుంటుంది, ప్లగ్ కనపడీ కనపడనంత తిరుగుతుంది, తర్వాతది బిగుసుకుంటుంది. మీరు చేయబోయే పనంతా ఇదే.

పని మొదలు

1. కీతో పరీక్షించండి. కొత్త తాళం కీతో పదిసార్లు తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేస్తుంటే రంధ్రంలో కాస్త గ్రాఫైట్ పొడి వేయండి. వంటనూనె, కొబ్బరినూనె వేయకండి. దుమ్ముతో కలిసి జిగురుగా మారి పిన్నులను పట్టేస్తాయి. కీతోనే సరిగ్గా తిరగని తాళం మీద పికింగ్ నేర్చుకోవడం కుదరదు.

2. తాళం విప్పండి. పళ్ళెంలో గుడ్డ పరిచి దాని మీద చేయండి. హాఫ్ సిలిండర్ వెనక వైపు ప్లగ్‌ను పట్టి ఉంచే సి ఆకారపు క్లిప్ ఉంటుంది. స్క్రూడ్రైవర్ కొనతో మెల్లగా నెట్టి తీయండి. మరో చెయ్యి అడ్డం పెట్టకపోతే అది ఎగిరి ఏ సోఫా కిందికో పోతుంది. క్లిప్ పోయాక తిరిగే నాలుక భాగం ఊడివస్తుంది.

ఇప్పుడు కీ పెట్టి ప్లగ్‌ను కొద్దిగా, గడియారంలో ఐదు నిమిషాలంత, తిప్పండి. ఫాలోయర్ కర్రను వెనక నుంచి ప్లగ్‌కు ఆనించి నెడుతూ, ప్లగ్‌ను ముందు నుంచి బయటికి రానివ్వండి. కర్ర, ప్లగ్ మధ్య సందు రాకూడదు. సందు వచ్చిన క్షణం డ్రైవర్ పిన్ను, స్ప్రింగ్ అందులోంచి దూకుతాయి.

ప్లగ్ బయటికి వచ్చాక కీ మెల్లగా లాగి, కీ పిన్నులను ముందు నుంచి వెనక్కు వరసగా గుడ్డ మీద పేర్చండి. పొడవులు వేరువేరుగా ఉంటాయి. వరస నోటుపుస్తకంలో రాసుకోండి, ఫోన్‌తో ఫోటో కూడా తీసుకోండి.

సిలిండర్‌లో పిన్నులుండే తోక భాగం కిందికి ఉండేలా పట్టుకుని, కర్రను వెనక్కు కొంచెం కొంచెంగా లాగండి. ముందు గది తెరుచుకుని దాని డ్రైవర్ పిన్ను, స్ప్రింగ్ పైకి వస్తాయి. వాటిని తీసి రెండో గదికి వెళ్ళండి. ఇలా అన్నీ ఖాళీ చేయండి. స్ప్రింగులు వెంట్రుకంత సన్నటి తీగతో చేసినవి. ట్వీజర్స్‌తో గట్టిగా నొక్కితే నలిగిపోతాయి.

*రెండువైపుల సిలిండరే దొరికితే:* కర్ర వెనక నుంచి పోవడానికి రెండో ప్లగ్ అడ్డు వస్తుంది. ముందు ఒక వైపు ప్లగ్‌ను ఫాలోయర్ లేకుండానే, పెద్ద ప్లాస్టిక్ కవర్ లోపల చేతులు పెట్టి తీసేయండి. పిన్నులన్నీ కవర్లోనే రాలుతాయి, అవి మీకు స్పేర్. ఆ ఖాళీ అయిన వైపు నుంచి కర్రను దూర్చి రెండో వైపు పద్ధతిగా విప్పండి.

3. ఒక్క పిన్నుతో మళ్ళీ బిగించండి. మూడో గదిలో మాత్రమే స్ప్రింగ్, దాని మీద డ్రైవర్ పిన్ను వేసి, ట్వీజర్స్ కొనతో అదిమి, కర్రను దాని మీదికి జరపండి. ప్లగ్‌లో మూడో గదిలో దాని కీ పిన్ను వేయండి. ప్లగ్‌ను కొద్దిగా వారకు తిప్పి ఉంచి, కర్రను వెనక్కు నెడుతూ లోపలికి పంపండి. తిన్నగా పంపితే డ్రైవర్ పిన్ను దారిలో కనిపించిన మొదటి గదిలోనే పడిపోయి ప్లగ్ ఇరుక్కుంటుంది. క్లిప్ పెట్టి, కీతో తిరుగుతోందో లేదో చూడండి.

కీతో తిరగకపోతే పికింగ్‌కు వెళ్ళకండి. వేరే గది కీ పిన్ను అక్కడ పడి ఉంటుంది, ఫోటో చూసి సరిచేయండి.

4. టెన్షన్ పట్టడం. తోక భాగం పైకి ఉండేలా తాళాన్ని పట్టుకోండి. ఇప్పుడు పిన్ను పై నుంచి కిందికి ఉంటుంది. టెన్షన్ రెంచ్ పొట్టి కొనను కీ రంధ్రం కింది భాగంలో పెట్టి, పొడుగు చివర మీద చూపుడువేలు ఆనించండి. రెంచ్ ప్లగ్‌కు మాత్రమే తగలాలి. దాని అంచు బాడీకి రాసుకుంటుంటే మీ బలం ప్లగ్‌కు కాక బాడీకి పోతుంది.

ఎంత నొక్కాలి? చూపుడువేలి గోరు చూడండి. గోరు కింద గులాబీ రంగు తెల్లబడితే ఎక్కువ నొక్కుతున్నట్టు. రంగు మారకుండా, రెంచ్ జారిపోకుండా ఉండేంత చాలు. ఇంట్లో గ్రాముల వంటింటి కాటా ఉంటే దాని మీద అదే వేలితో అదే నొక్కు నొక్కి చూడండి. అంకె ఎంత అన్నది ముఖ్యం కాదు. కాసేపు ఆగి మళ్ళీ నొక్కినప్పుడు దగ్గరదగ్గరగా అంతే వస్తోందా అన్నది ముఖ్యం.

5. పిన్నును పలకరించండి. మొదట రెంచ్ తీసేసి, ఒట్టి హుక్కుతో పిన్నును ఎత్తి వదలండి. స్ప్రింగ్ తిరిగి తన్నుతుంది. ఆ స్పర్శ గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు రెంచ్ పెట్టి అదే పిన్ను ఎత్తండి. స్ప్రింగ్ తన్నడం లేదు, పిన్ను మొండికేసింది. అదే బిగుసుకున్న పిన్ను. మెల్లగా ఎత్తుతూ పోతే టిక్కుమని ప్లగ్ తిరుగుతుంది.

తెరుచుకుందని అక్కడ ఆగిపోకండి. ఈసారి కావాలనే మరీ పైకి తోయండి. కీ పిన్ను గీత దాటి బాడీలోకి పోతుంది, ప్లగ్ తిరగదు, పిన్ను కదలదు. రెంచ్ వదిలితే కిందికి పడుతుంది. గీత దాటిన పిన్ను ఎలా ఉంటుందో ఇప్పుడే, ఏ గందరగోళమూ లేని ఒక్క పిన్ను తాళంలోనే చేతికి నేర్పాలి. ఐదు పిన్నుల మధ్య దాన్ని పోల్చుకోవడం చాలా కష్టం.

హెచ్చరిక: తెరుచుకున్న ప్లగ్‌ను పిక్కులతో సగం చుట్టు దాకా తిప్పొద్దు. కీ రంధ్రం కింది సందు పైకి వచ్చినప్పుడు డ్రైవర్ పిన్ను అందులోకి జారి తాళం బిగుసుకుపోతుంది. పావు చుట్టు తిరిగితే తెరుచుకున్నట్టే లెక్క, వెనక్కు తిప్పేయండి. పొరపాటున జారితే భయపడకండి. రెంచ్ చదును కొనను ఆ సందులో పెట్టి పిన్నును పైకి నెడుతూ ప్లగ్‌ను కదిలిస్తే వస్తుంది.

6. రెండో పిన్ను చేర్చండి. ఇక్కడే అసలు చదువు. రెండు పిన్నుల్లో ఒకటి బిగుసుకుంటుంది, రెండోది స్ప్రింగ్ మీద ఆడుతూ ఉంటుంది. రెండింటినీ ముట్టుకుని ఏది ఏదో తేల్చుకున్నాకే ఎత్తండి. బిగుసుకున్నదాన్ని ఎత్తగానే టిక్కుమంటుంది. ఇప్పుడు దాన్ని మళ్ళీ తాకండి. స్ప్రింగ్ తన్నదు, మొండికేయదు కూడా, లోపల ఖాళీగా కాస్త ఊగుతుంది. ఇది కూర్చున్న పిన్ను.

ఇప్పటికి మీ వేళ్ళకు నాలుగు స్పర్శలు తెలిశాయి: స్ప్రింగ్ మీద ఆడేది, బిగుసుకున్నది, కూర్చున్నది, గీత దాటినది. కళ్ళు మూసుకుని ఏ పిన్ను ఏ స్థితిలో ఉందో చెప్పగలిగే దాకా మూడో పిన్ను వేయకండి. ఒక రోజు పట్టినా వారం పట్టినా పర్వాలేదు. ఈ దశ దాటేసి పరుగెత్తినవాళ్ళే తర్వాత ఐదు పిన్నుల దగ్గర నెలలు ఆగిపోతున్నారు.

7. మూడు, నాలుగు, ఐదు. ఒక్కొక్కటే చేర్చండి. చేర్చినప్పుడల్లా కీతో పరీక్ష. ఇక్కడి నుంచి నోటుపుస్తకం పని మొదలవుతుంది: ఏ పిన్ను ముందు బిగుసుకుంది, తర్వాత ఏది, వరస రాయండి. ముందు నుంచి లెక్కపెట్టడం కన్నా, హుక్కును చివరి దాకా పంపి వెనక నుంచి ముందుకు ఒక్కో పిన్నూ దాటుతూ లెక్కపెట్టడం తేలిక. ఒక్కో పిన్ను దాటినప్పుడు చిన్న అదురు తెలుస్తుంది.

వెనక గదుల్లో ఉన్న పిన్ను ఎత్తేటప్పుడు హుక్ కాడ ముందు పిన్నులను పైకి తోస్తోందేమో గమనించండి. పొట్టి కీ పిన్ను పక్కన పొడుగు కీ పిన్ను ఉన్న చోట ఇది తప్పదు. అప్పుడు హుక్కును కిందికి ఆనించి, మణికట్టు కాకుండా వేళ్ళ కొసలతో కొనను మాత్రమే ఎత్తాలి.

ఓపిక సన్నగిల్లితే లండన్‌లో 1851లో జరిగిన మహా ప్రదర్శనను తలుచుకోండి. అమెరికా నుంచి వచ్చిన తాళాల నిపుణుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్ అప్పట్లో ఎవరూ తెరవలేరని పేరుపడ్డ బ్రామా తాళాన్ని తెరిచాడు. దానికి అతనికి 16 రోజుల మీద మొత్తం 51 గంటలు పట్టింది. వృత్తిలో పండిపోయిన మనిషి ఒక్క తాళం మీద అన్ని గంటలు కూర్చున్నాడు.

వచ్చిందో రాలేదో ఎలా తెలుసుకోవాలి

ఒకసారి తెరుచుకోవడం లెక్కలోకి రాదు. వరసగా మూడుసార్లు తెరవండి, మూడుసార్లూ మీరు రాసిన వరస ఒకటే అయి ఉండాలి. వరస ప్రతిసారీ మారుతోందంటే టెన్షన్ ఒకేలా పట్టడం లేదు, లేదా రెండు పిన్నులను కలిపి తోస్తున్నారు.

ఇంతకన్నా గట్టి పరీక్ష దిశ మార్చడం. ఇప్పటిదాకా కుడివైపు తిప్పి తెరిచిన తాళాన్ని ఎడమవైపు తిప్పి తెరవండి. పిన్నులు బిగుసుకునే వరస మారిపోతుంది. మీరు ఆ తాళాన్ని బట్టీపట్టారా, పికింగ్ నేర్చుకున్నారా అన్నది ఇక్కడ బయటపడుతుంది.

మూడోది: కీ పిన్నులు తీసి, ఇంట్లో ఎవరితోనైనా మీరు చూడకుండా వేరే వరసలో వేయించండి. కీ ఇక పనిచేయదు, అదొక్కటే గుర్తుంచుకోండి. తెరవలేకపోతే ఫోటో చూసి మామూలు వరసలో పెట్టుకోవచ్చు.

ప్రతి రోజూ పని అయ్యాక హుక్ కొన వెలుతురులో చూడండి. వంగి ఉంటే బలం ఎక్కువైంది. రంధ్రం అంచున ఇత్తడి రజను మెరుస్తుంటే ఇంకా ఎక్కువైంది.

అందరూ చేసే తప్పులు

పదిమంది తాళం కదలట్లేదని రాస్తే, అందులో ఎక్కువమంది దగ్గర ఉండేది టెన్షన్ ఎక్కువవడమే. గుర్తులు ఇవీ: అన్ని పిన్నులూ ఒకేలా మొండికేస్తాయి, టిక్కులు వినిపించవు, పిక్ కొన వంగుతుంది, పది నిమిషాలకే వేలు నొప్పెడుతుంది. తెరుచుకోకపోతే గట్టిగా నొక్కాలని చేతికి అనిపించడం సహజం. దానికి సరిగ్గా ఎదురు చేయండి, సగానికి తగ్గించండి. మరీ తక్కువైతే కూర్చున్న పిన్నులు రాలిపోతూ ఉంటాయి, అప్పుడు పిసరంత పెంచండి. కింది నుంచి పైకి పెంచుకుంటూ రావడమే సరైన దిశ.

రెండోది, మొదటి పిన్ను నుంచి ఐదో పిన్ను దాకా వరసగా ఎత్తుకుంటూ పోవడం. తాళం తన వరస తనదే అంటుంది. బిగుసుకోని పిన్నును ఎత్తి ప్రయోజనం లేదు, వదలగానే దిగిపోతుంది.

అన్నీ కూర్చున్నట్టే ఉండి తాళం తెరుచుకోకపోతే రెండు చోట్ల వెతకండి. ఒకటి, చివరి గది. హుక్ అక్కడి దాకా పోకపోవడం తరచూ జరుగుతుంది. రెండు, గీత దాటిన పిన్ను. ఏదో ఒకటి రాయిలా కదలకుండా ఉంటే రెంచ్ మీద వేలిని నెమ్మదిగా సడలించి టిక్కులు లెక్కపెట్టండి. మొదటి టిక్కు దగ్గర ఆపగలిగితే ఆ ఒక్క పిన్నే రాలి, మిగతావి నిలుస్తాయి. కుదరకపోతే మొత్తం వదిలేసి మొదటి నుంచి రండి. అరగంట చేసిన పని పోతుందని తెరుచుకోని స్థితినే పట్టుకుని వేలాడవద్దు.

ఒకే బిగిన గంట దాటి కూర్చోవడం కూడా తప్పే. వేలి కొసలు మొద్దుబారిపోతాయి. ఇరవై నిమిషాలు చేసి లేవండి.

రేకింగ్ సంగతి

అలల ఆకారంలో ఉండే రేక్‌ను రంధ్రంలో ముందుకు వెనక్కు ఆడిస్తే చౌక తాళాలు సెకన్లలో తెరుచుకోవచ్చు. వీడియోల్లో కనిపించేది ఎక్కువగా అదే. సరదాగా చేసి చూడండి, తప్పు లేదు. కానీ అది తెరుచుకున్నప్పుడు ఎందుకు తెరుచుకుందో, తెరుచుకోనప్పుడు ఎందుకు కాలేదో మీకు తెలియదు. ముందు హుక్కుతో ఐదు పిన్నులూ తెరవడం వచ్చాకే రేక్ పట్టుకోండి.

లీవర్ తాళాలు ఎప్పుడు?

అలీగఢ్ నుంచి, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన తమిళనాడులోని దిండిగల్ నుంచి వచ్చే లీవర్ తాళాలు మనకు పరిచయమే కాబట్టి వాటి మీద ఆశ ఉంటుంది. వాటిలో పిన్నులు ఉండవు. పొరలు పొరలుగా పేర్చిన రేకులు అన్నీ సరైన ఎత్తుకు వస్తేనే బోల్టు జరుగుతుంది. టెన్షన్ ప్లగ్‌కు కాదు, బోల్టుకు ఇవ్వాలి, దానికి పనిముట్లే వేరు. బిగుసుకున్నది ఏదో వెతికి దాన్నే ఎత్తాలన్న సూత్రం మాత్రం ఒకటే. కాబట్టి పిన్ తాళం మీద సంపాదించిన స్పర్శ అక్కడికీ వస్తుంది. ముందు ఇది పూర్తి చేయండి.

తర్వాతి మెట్టు: ఫాల్స్ సెట్

రెండో తాళం కొన్నాక ఒక రోజు ఇలా జరుగుతుంది. ప్లగ్ కొంచెం, కంటికి కనిపించేంత, తిరిగి ఆగిపోతుంది. పిన్నులన్నీ కూర్చున్నట్టే ఉంటాయి. తాళం పాడైందేమో అనిపిస్తుంది. పాడు కాలేదు. అందులో స్పూల్ పిన్ను ఉంది. నడుము సన్నగా, రెండు చివర్లు లావుగా ఉండే డ్రైవర్ పిన్ను అది. ప్లగ్ అంచు ఆ సన్నటి నడుములోకి దూరి ఆగింది. దీన్నే ఫాల్స్ సెట్ అంటారు.

రెంచ్ మీద వేలు తీయకుండా ఒక్కో పిన్నునూ అతి మెల్లగా పైకి నొక్కి చూడండి. ఏదో ఒక పిన్ను నొక్కినప్పుడు ప్లగ్ మీ వేలిని వెనక్కు తోస్తుంది. స్పూల్ అక్కడే ఉంది. ఇప్పుడు ఎదురు తిరగకండి. వెనక్కు వెళ్తానన్న ప్లగ్‌ను వెళ్ళనివ్వండి, రెంచ్‌ను పూర్తిగా వదలకుండా వేలిని సడలిస్తూ, పిన్నును ఎత్తుతూ ఉండండి. లావు అంచు గీత దాటి పైకి పోయిన టిక్కు వినిపించగానే మళ్ళీ మామూలు టెన్షన్‌కు రండి. ఈ వెనకడుగులో ఇంతకుముందు కూర్చున్న పిన్ను ఒకటి రాలిపోవచ్చు. వెతికి దాన్ని మళ్ళీ కూర్చోబెట్టండి.

ఒక తాళంలో స్పూల్ పిన్నులు ఒకటికి మించి ఉండవచ్చు. ప్లగ్ వెనక్కు తోసిన గది నంబరు ప్రతిసారీ నోటుపుస్తకంలో రాయండి. తెరుచుకున్నాక తాళం విప్పి డ్రైవర్ పిన్నులు గుడ్డ మీద పేర్చి చూడండి. సన్నటి నడుమున్న పిన్నులు మీరు రాసిన గదుల్లోవే అయి ఉండాలి. కాకపోతే ఏ గదిని ఏ గదిగా లెక్కపెట్టారో చూసుకుని, బిగించి, మళ్ళీ తెరవండి.